కాశీబుగ్గలో మెరుపుమందు

ఆ రోజుకి రామూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే స్నానం చేసి, గంజి తాగి, కెమెరా పెట్టెను పలాస స్టేషనుకు మోయించుకుపోయి, స్టేషను మాస్టరుగారిని కొత్త టోపీతో సహా ఇంజిను పక్కన నిలబెట్టి ఫొటో తీయాలి. ఆ ఫొటోను కొట్టు ముందర వేలాడదీయాలి. అంతటి ఉద్యోగస్తుడు ఫొటో దిగి కూడా ఇంకా బతికే ఉన్నాడని ఊరంతా కళ్ళారా చూస్తే, తక్కినవాళ్ళకు కాస్త ధైర్యం వస్తుంది.

ధైర్యం లేకనే కొట్టు నడవడం లేదు. ఐదో జార్జి చక్రవర్తికి పట్టాభిషేకం జరిగిన మరుసటి ఏడు, కాశీబుగ్గ బజారులో తాటాకు కప్పు కింద రామూర్తి 'శ్రీ మల్లికార్జున ఫొటో స్టూడియో' అని బోర్డు కట్టాడు. మద్రాసు వెళ్ళి పని నేర్చుకుని, నల్లగుడ్డా మూడుకాళ్ళ పెట్టే తెచ్చుకున్నాడు. చూడ్డానికి జనం బాగానే వచ్చారు. దిగడానికి మాత్రం ఒక్కరూ రాలేదు. ఆ పెట్టె మనిషి నీడను లాగేసుకుంటుందని, నీడతోపాటు ఆయుష్షు కూడా కొంత పోతుందని ఆ ఉద్దానం ప్రాంతమంతా గట్టి నమ్మకం. కొట్టు ముందు నుంచి వెళ్ళవలసి వస్తే ఆడవాళ్ళు చంటిపిల్లల మొహాలమీద కొంగు కప్పి మరీ నడిచేవారు.

దసరాకల్లా కొట్టు పుంజుకోకపోతే మూసేసి, నౌపడ ఉప్పు కొఠారులో గుమస్తాగా చేరాలని మామగారు కబురు పంపారు. భార్య దమయంతి కూడా అదే మాట.

"ఉప్పు ఎవులైనా కొంటారు. నీడలు ఎవులు కొంటారండి?" అనేది.

రామూర్తి పెట్టె అద్దం తుడుచుకుంటూ కూర్చునేవాడు. దసరా చూస్తే దగ్గర పడిపోయింది.

టోపీ సంగతి ఆలోచిస్తూ అతను గుమ్మం దిగబోతుండగా, నెత్తిన తువ్వాలు వేసుకున్న ఒక రైతు ఎదురొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బొమ్మల పెట్టి బాబువి నువ్వేనా?"

"నానే. ఏటి కావాల?"

"మాది జలంత్రకోట. నా పేరు అప్పలరాజు. రాత్రి మాయమ్మ పోనాది బాబూ."

తల్లి పేరు పెద్దతల్లి అట. ఆకుమందుల దాలయ్య నాడి చూసి, అయిపోయిందని చెప్పేశాడట. తమ్ముడు చిట్టిబాబు సముద్రం అవతల రంగంలో, అంటే రంగూనులో, బియ్యం మిల్లులో పనిచేస్తున్నాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే, ఏళ్ళు గడిచినా ఇంటి మొహం చూడలేదు.

"ఆడు ఓడెక్కి ఒచ్చీసరికి పెద్దకర్మ కూడా అయిపోతాది. కడసారి మొకమైనా పోటో తీసి పంపుదామని బండెక్కి ఒచ్చీసినాను," అన్నాడు అప్పలరాజు.

రామూర్తికి అనుమానం వచ్చింది. "పోటో తీత్తే ఆయుస్సు తరుగుతాదంతన్నారు. నీకు బయం నేదా?"

"మాయమ్మకింక తరగడానికేటుంది బాబూ?"

మాట సబబుగానే ఉంది. కానీ మొట్టమొదటి బేరం శవంతోనా అని రామూర్తి వెనకాడుతుంటే, లోపలినుంచి దమయంతి గొంతు వినిపించింది.

"ఎల్లండి. టేసను మాస్టరుగోరు రేపు కూడా బతికే ఉంటారు."

ఇద్దరూ రైలెక్కి సోంపేట స్టేషనులో దిగి, అక్కణ్ణుంచి ఎడ్లబండిలో జలంత్రకోట చేరేసరికి ఆకాశం మబ్బుపట్టి ఉంది. కొబ్బరితోట మధ్య ఇల్లు. వాకిట్లో పీచు కుప్పలు. వసారాలో పెద్దతల్లిని పీటమీద, గోడకు ఆనించి కూర్చోబెట్టారు. మెళ్ళో బంతిపూల దండ వేశారు. చుట్టూ ఆడవాళ్ళు రాగాలు తీసి ఏడుస్తున్నారు. రామూర్తి మూడుకాళ్ళ పెట్టె నిలబెట్టగానే రాగాలు ఆగిపోయాయి. ఏడవడం కంటే అదేమిటో చూడటం ముఖ్యమనిపించింది వాళ్ళకు.

ఇంతలో దాలయ్య వచ్చి పెద్దతల్లి పక్కన నిలబడ్డాడు.

"నువ్వు పక్కకి జరగాల," అన్నాడు రామూర్తి.

"ఎందుకు జరుగుతాను? నాడి సూసింది నాను. రంగంలో సిట్టిబాబుకి తెలవొద్దా, ఆళ్ళమ్మని ఆకరికి ఎవులు సూసినారో?" అని దాలయ్య ఆవిడ చెయ్యి పైకెత్తి, మణికట్టు మీద మూడువేళ్ళు ఆనించి, గడ్డం పైకెత్తాడు. ఎవరు చెప్పినా ఆ భంగిమ మార్చుకోలేదు.

వసారాలో చీకటిగా ఉంది. అలాంటి చీకటిలో ఫొటో తీయాలంటే మెరుపుమందు వెలిగించాలి. మద్రాసులో గురువుగారు వెలిగిస్తుంటే రామూర్తి దూరంనుంచి చూశాడు తప్ప, తన చేత్తో ఎన్నడూ వెలిగించలేదు. చెంచాడు వేయవలసిన చోట, తక్కువైతే పరువుపోతుందని గుప్పెడు పోశాడు. నల్లగుడ్డ కప్పుకుని, గాజుపలక దూర్చి, మూత తీసి, మందుకు నిప్పు అంటించాడు.

భగ్గుమంది. ఇల్లంతా క్షణంపాటు పట్టపగల్లా వెలిగి, ఆ వెంటనే తెల్లటి పొగతో నిండిపోయింది. ఆ పొగలోంచి ఒక పెద్ద తుమ్ము వినిపించింది.

తుమ్మింది శవం.

"ఎవుడ్రా ఆడు, కొంపకి అగ్గెట్టీసినాడు?" అంది పెద్దతల్లి.

అందరికంటే ముందు పరుగు తీసినవాడు దాలయ్య. వాకిట్లోని పీచుకుప్పను ఒక్క దూకులో దాటాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు అక్కడే వదిలేసి పెరటిదారి పట్టారు. అప్పలరాజు కొబ్బరిచెట్టును వాటేసుకుని కళ్ళు మూసుకున్నాడు. పారిపోనివాడు రామూర్తి ఒక్కడే. అది ధైర్యం కాదు. తల నల్లగుడ్డలో చిక్కుకుంది, పంచె పెట్టె కాలికి చుట్టుకుంది. కానీ దూరంనుంచి చూసినవాళ్ళకు, లేచిన శవం ఎదుట నిబ్బరంగా నిలబడిన మనిషి కనిపించాడు.

"బాబూ, కూసింత గంజుంటే పొయ్యమను. రాత్రి నుంచీ ఏటీ తిననేదు," అంది పెద్దతల్లి, దండ తీసి పక్కన పెడుతూ.

అప్పలరాజు వచ్చి రామూర్తి కాళ్ళమీద పడ్డాడు.

"మాయమ్మకి పేణం పోసినావు బాబూ!"

"నానేటీ సెయ్యనేదు. మందు కూసింత ఎక్కువైపోనాది, అంతే."

"ఆ మందే కదా! నువ్వు దేవుడివి."

"ఈ పోటో కడిగి తెచ్చిత్తాను."

అప్పలరాజు హడలిపోయాడు. "వొద్దు బాబూ! బొమ్మ బయటికి తీత్తే పేణం మళ్ళీ అందులోకి ఎల్లిపోతాదేమో! నీకు దణ్ణం ఎడతాను, ఆ పలక ముట్టుకోవద్దు."

సరేనని మాట ఇచ్చి, రామూర్తి గాజుపలకను వెలుతురు తగలని చెక్క ఒరలో అలాగే ఉంచేశాడు.

పీచుకుప్ప వెనక దాలయ్య ఆలోచనలో పడ్డాడు. బతికున్న మనిషి చచ్చిపోయిందని చెప్పినట్టు తేలితే ఇక ఉద్దానంలో తన చేతికి నాడి ఇచ్చేవాడుండడు. చచ్చిన మనిషే బతికిందంటే ఆ బాధ లేదు. కాసేపటికి ఒంటికి అంటిన పీచు దులుపుకుని వచ్చి, అందరి ముందూ గట్టిగా చెప్పాడు.

"నాడి సూసింది నాను. సచ్చిపోనాదంటే సచ్చిపోనాదే! ఆ పెట్టిలోనే ఏదో ఉన్నాది."

ఆనాటినుంచి రామూర్తి మహిమను చాటడానికి దాలయ్యను మించినవాడు లేకపోయాడు.

కబురు రైలు కంటే ముందు పలాస చేరింది. రామూర్తి బండి దిగేసరికి స్టేషను మాస్టరుగారు ఎదురొచ్చి, టోపీ తీసి, తనకు చాలాకాలంగా ఎడమ భుజం లాగుతోందని చెప్పుకున్నారు. మర్నాడు కొట్టు తలుపు తీస్తే బజారంతా జనం. మందస నుంచి జ్వరాలవాళ్ళు, బారువ నుంచి కడుపునొప్పులవాళ్ళు, ఎక్కడినుంచి వచ్చారో తెలియని దగ్గులవాళ్ళు. ఫొటోలు ఎవరికీ అక్కరలేదు.

"బొమ్మ నీకాడే ఉంచీ బాబూ. ఆ మెరుపొక్కటి కొట్టీ సాలు," అన్నారు.

"నాను వైద్దుణ్ణి కాదు. నాకేటీ తెలవదు," అని రామూర్తి చేతులు జోడించాడు.

"సూసినారా, ఎంత అనకువో! మహిమున్నోళ్ళు అలగే అంతారు," అంది ఒక ముసలమ్మ. జనం రెట్టింపయ్యారు.

దగ్గులవాళ్ళు నిజంగానే దగ్గి దగ్గి ఉమ్మేసి, గుండె తేలికైందని చెప్పుకుంటూ వెళ్ళారు. అది మెరుపు చలవ కాదు, పొగ చలవ. ఒకాయన మేత ముట్టని ఎద్దును తోలుకొచ్చాడు. వద్దంటున్నా వినలేదు. మెరుపు చూసిన ఎద్దు తాడు తెంచుకుని, గాజుల దుకాణం ముందున్న బల్ల తిరగేసి, కాశీబుగ్గ బజారు ఈ చివరినుంచి ఆ చివరికి పరిగెత్తి, అలసిపోయి, సాయంత్రానికి గడ్డిమోపు తినేసింది. దాంతో పశువులు కూడా రావడం మొదలైంది.

ఆ సాయంత్రం తలుపు వేసుకుని రామూర్తి నీరసంగా కూలబడితే, దమయంతి మంచినీళ్ళు ఇచ్చి పక్కన నిలబడింది.

"ఏటండి, నా మోకాలు కూడా తెల్లారగట్ల పట్టీత్తన్నాది…"

"దమయంతీ! నువ్వు కూడానా?"

"అబ్బే, ఊరికే అన్నానులెండి," అంది గానీ, మోకాలు మాత్రం పెట్టె వైపే తిప్పి కూర్చుంది.

రామూర్తికి బెంగ పట్టుకుంది. జనం వస్తున్నారు, నిజమే. కానీ వాళ్ళు వస్తున్నది తనకు రాని విద్యకోసం. ఏదో ఒకరోజు ఎవరికో నయం కాదు. ఆ రోజున ఈ జనమే తాటాకు కప్పుకు నిప్పు పెడతారు.

ఆ రోజు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. రావివలస నుంచి గోపాలరావుగారు వచ్చారు. టెక్కలి చుట్టుపక్కల ఆయన పేరు చెబితే కోర్టు బంట్రోతు కూడా లేచి నిలబడతాడు. వాతంతో కుడికాలు బిగుసుకుపోయి చాలాకాలంగా మంచం దిగలేదు. మనుషులు కుర్చీతో సహా ఆయన్ని గూడుబండిలోంచి దించి, కొట్టులో తెచ్చి కూర్చోబెట్టారు. పక్కనే దాలయ్య. ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చింది అతనే.

"ఏటోయ్ రామూర్తీ, సచ్చినోళ్ళని లేపుతున్నావట?" అన్నారు గోపాలరావు.

"లేదు బాబూ! అదంతా ఉత్తమాట…"

"ఉత్తమాటయితే ఇంతమందిని ఎందుకు మోసం సేత్తన్నావు? నిజమయితే నా కాలెందుకు బాగుసెయ్యవు? రెంటిలో ఏదో ఒకటి తేల్చు. నయమయితే నీ కొట్టుకి పెంకులు నేయిత్తాను. కాకపోతే కాశీబుగ్గలో నువ్వుండవు."

రామూర్తికి నౌపడ ఉప్పు కుప్పలు కళ్ళముందు తెల్లగా మెరిశాయి. ఇప్పుడు అవి కూడా ఎంతో హాయిగా కనిపించాయి.

"అంతకంటే ముందు, ఆ ముసల్దాని పోటో సూపించు. సచ్చిన మొకం ఎలగున్నాదో నా కళ్ళతో సూసి, అప్పుడు నమ్ముతాను," అన్నారు గోపాలరావు.

"అది కడగనని మాటిచ్చినాను బాబూ. అప్పలరాజు ఒప్పుకోడు."

"ఆడి వొప్పుకోలు ఎవుడికి గావాల? నాను సెప్తన్నాను, కడుగు!"

అన్నది గోపాలరావుగారు కాదు. గుమ్మంలో కర్ర పుచ్చుకుని పెద్దతల్లి నిలబడి ఉంది. వెనక, తల్లిని ఆపలేక ఆయాసపడుతున్న అప్పలరాజు. జనం గబుక్కున దారి ఇచ్చారు. కొందరు దణ్ణం పెట్టారు. అదే ఆవిడకు మండింది.

"ఇదిగో, ఇదే నా కరమ! ఈ దాలిగాడు నన్ను సచ్చినదాన్ని సేసీసినాడు. కోడళ్ళు ఒంటింట్లోకి రానియ్యరు. పిల్లలు దగ్గిరికి రారు. ఊళ్ళో ఆడోళ్ళందరూ ఒచ్చి, యముడికాడ మాయాయన కనిపించినాడా, బాగున్నాడా, నన్ను తలిసినాడా అని అడుగుతన్నారు. నానెక్కడని సెప్పను? అసలు ఆ పోటోలో నాను ఎలగున్నానో సూడాల. తియ్యి!"

రామూర్తి ఇక ఎదురు చెప్పలేదు. పలక పుచ్చుకుని చీకటిగదిలో దూరి, ఎర్రదీపం వెలిగించి, మందునీళ్ళలో కడిగాడు. అదృష్టవశాత్తూ ఆవేళ ఎండ బాగా కాసింది. ఆరిన పలక కింద కాగితం బిగించి వాకిట్లో ఎండకు పెట్టి, జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, బొమ్మ దిగాక తీసి, కడిగి, చేతిలోకి తీసుకున్నాడు.

చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత అతని భుజాలు కదలడం మొదలయ్యాయి. దమయంతి కంగారుపడి దగ్గరికి వచ్చి తొంగిచూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

బొమ్మలో దాలయ్య గడ్డం పైకెత్తి, పెద్దతల్లి మణికట్టు పట్టుకుని, ధన్వంతరిలా నిలబడి ఉన్నాడు. బంతిపూల దండతో గోడకు ఆనుకున్న పెద్దతల్లి ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను చక్కగా తెరిచి, అతనివంకే చూస్తోంది. ఆ చూపులో చావు లేదు. "ఈడి మొకానికి వైద్దమొకటి!" అన్నట్టుంది.

బొమ్మ చేతులు మారింది. చూసినవాడల్లా పొట్ట పట్టుకున్నాడు. నవ్వు వాకిలి దాటి బజారంతా పాకింది. చివరికి అది పెద్దతల్లి చేతికి వచ్చింది.

"ఓలమ్మ! నాను ఇంత బాగుంతానేటి?" అంది ఆవిడ ముందు. తర్వాత తెరిచిన కన్ను కనబడి నాలుక కరుచుకుంది.

అప్పలరాజుకు నవ్వు రాలేదు. "అమ్మా! నువ్వు బతికే ఉన్నావేటి అప్పుడు?"

"మరేటి సెయ్యమంతావురా?" అని పెద్దతల్లి కర్ర నేలకేసి కొట్టింది. "సిట్టిగాడు రంగం ఎల్లి ఎన్నేళ్ళయినాది! రమ్మంటే రాడు, ఉత్తరమేత్తే పలకడు. సచ్చిపోనాదని తంతి కొడితే ఓడెక్కుతాడు కదా అని ఊపిరి బిగబట్టి పడుకున్నాను. తంతి కొడతావనుకుంతే, నువ్వు ఈ పెట్టి తెచ్చినావు. ఏటి సేత్తన్నారో సూద్దామని కన్ను తెరిసినాను. అప్పుడే ఈ బాబు అగ్గెట్టీసినాడు. లేకపోతే కాటికాడ దాకా అలగే ఉందును!"

అప్పలరాజు అక్కడే చతికిలబడ్డాడు. ముందు కోపం వచ్చింది, తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆఖరికి వాడూ నవ్వాడు. "అలగని ముందే సెప్పొచ్చు కదే అమ్మా!" అని తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

దాలయ్య మెల్లగా గుమ్మం వైపు జరుగుతున్నాడు. రామూర్తికి మాత్రం గుండెలమీంచి బండ దించినట్టుంది. ఛాతీ విరుచుకుని, ఆ బజారుకంతా వినబడేలా చెప్పాడు.

"ఇన్నారు కదా! మొదట్నుంచీ సెప్తన్నాను. ఈ పెట్టిలో మహిమేటీ నేదు. ఉన్నదున్నట్టు సూపించడమొక్కటే దీని పని!"

సరిగ్గా ఆ సమయానికి బొమ్మ చూడని మనిషి ఆ కొట్టులో ఒక్కరే మిగిలారు. మూల కుర్చీలో గోపాలరావుగారు.

"ఏటర్రా అది? ఏటున్నాది అందులో? ఇటియ్యండర్రా!" అని కేకలు వేస్తున్నారు. నవ్వుల్లో ఆయన గొడవ ఎవరికీ వినబడలేదు. ఓర్చుకున్నంతసేపు ఓర్చుకున్నారు. ఇక ఆగలేక లేచి, జనాన్ని తోసుకుంటూ చరచరా వచ్చి, పెద్దతల్లి చేతిలోంచి బొమ్మ లాక్కున్నారు. చూశారు. రావివలసలో ఏనాడూ ఎవరూ విననంత గట్టిగా నవ్వారు.

ఆయన కుర్చీ మోసుకొచ్చిన మనిషి ఒకడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"బాబూ… తవరు నడిసీసినారు!"

నవ్వులు ఆగిపోయాయి. గోపాలరావుగారు కిందికి, తన కాలివంక చూసుకున్నారు. అందరూ ఆ కాలివంకే చూశారు. దమయంతి కూడా చూసి, తన మోకాలు ఒకసారి తడుముకుంది.

ముందు తేరుకున్నవాడు దాలయ్య. గుమ్మం దగ్గరినుంచి వెనక్కి దూసుకొచ్చి చేతులు పైకెత్తాడు.

"సూసినారా! నానేటి సెప్పినాను? మెరుపు కూడా అక్కర్నేదు, ఆ బొమ్మ సూత్తేనే సాలు!"

ఆ తర్వాత రామూర్తి ఏం చెప్పినా ఎవరికీ వినబడలేదు. జనం ఒక్కసారిగా కొట్టుమీద పడ్డారు. అయితే ఈసారి వాళ్ళు అడిగింది వేరు. మెరుపు కాదు, బొమ్మ. "మాకూ అలాటి బొమ్మ తియ్యి. ఇంట్లో ఎట్టుకుంటాం." ఆయుష్షు తరుగుతుందన్న మాట ఎవరి నోటా రాలేదు. కెమెరా ముందు పీటకోసం కొట్లాటలు జరిగాయి. రామూర్తి వాదించడం మానేసి నల్లగుడ్డ కప్పుకున్నాడు. పాటించవలసిన వరస దమయంతి చెప్పింది: ముందు ముసలివాళ్ళు, తర్వాత చంటిపిల్లల తల్లులు, పశువులు అసలే వద్దు. సాయంకాలం తీరిక దొరికాక, తాము నౌపడ రావడం లేదని తండ్రికి కబురు కూడా ఆవిడే పంపింది.

గోపాలరావుగారు అన్న మాట ప్రకారం కొట్టుకు పెంకులు నేయించారు. పెద్దతల్లి తన ఫొటోను రంగం పంపింది. అది చూసిన చిట్టిబాబు, అమ్మ తనవంకే చూస్తోందనుకుని, తొలి స్టీమరుకే బయలుదేరి వచ్చేశాడు. అన్న కట్టేసినా మళ్ళీ వెళ్ళేవాడే గానీ, తల్లి తన పక్కన నిలబెట్టి ఇంకో ఫొటో తీయించి, అది గోడకు తగిలించేదాకా ఉండమంది. తగిలించే మేకును మాత్రం దొరకనివ్వలేదు. ఆ పెంకుల కొట్టులో రామూర్తి తర్వాత అతని కొడుకు, ఆ తర్వాత మనవడు నల్లగుడ్డ కప్పుకున్నారు. గాజుపలకలు పోయి ఫిల్ము చుట్టలు వచ్చాయి, మెరుపుమందు పోయి బల్బులు వచ్చాయి. పలాస రైలు దిగి ఫొటోకోసం వచ్చేవాళ్ళు మాత్రం తగ్గలేదు.

ఇక గోపాలరావుగారి కాలు ఇంటికి వెళ్ళిన కొద్దిరోజులకే మళ్ళీ బిగుసుకుపోయింది. ఫొటో పాతబడిపోవడమే కారణమని తేల్చుకుని ఆయన ఏటేటా వచ్చి కొత్తది తీయించుకుంటూ ఉండేవారు.